పరాయి మైదానంలో దేశాభిమానం

2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో గాజువాక యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి ఆస్ట్రేలియా జట్టుపై తన మొదటి టెస్టు సెంచరీ చేశాడు. ఆ సంఘటనపై తెలుగులో వచ్చిన వ్యాసాలూ, గేయాలూ, ప్రవాసాంధ్ర సంఘాల అభినందనలూ కుప్పతెప్పలు. నా కంట పడినంత వరకు అన్నీ చదివాను. ఒక కుర్రవాడు బాగా ఆడాడని చెప్పి అవి ఊరుకోవు. పరదేశంలో ఉన్న తెలుగువాడు ఆ రోజు తలెత్తుకు నిలబడ్డాడంటాయి; దేశం గర్వించిందంటాయి; జాతి మేల్కొన్నదంటాయి. ఆటను గురించిన ఆ రాతల్లో ఆట తక్కువ, దేశం ఎక్కువ. అందువల్ల క్రీడా విలేకరితోపాటు సాహిత్య విమర్శకుడు కూడా వీటిని పట్టించుకోవలసి ఉంది. ఒక అనుభూతిని మాటల్లో పెట్టినప్పుడు ఆ మాటలు దేన్ని చెబుతున్నాయి, దేన్ని దాస్తున్నాయి అని అడగడమే గదా విమర్శ పని.

ముందు జరిగినదేమిటో జరిగినట్లు చెప్పుకుందాం. ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్‌లో 474 పరుగులు చేసింది. భారత జట్టు 191 పరుగులకు ఆరు వికెట్లు పోగొట్టుకున్న దశలో ఇరవై ఒక్క ఏళ్ళ ఈ కుర్రవాడు దిగాడు. 221 దగ్గర ఏడో వికెట్టూ పడింది. అక్కడ నుంచి వాషింగ్టన్ సుందర్, ఇతనూ కలిసి 127 పరుగులు జోడించారు. ఇతను 99 మీద ఉండగా ఆఖరి ఆటగాడు, హైదరాబాదు మహమ్మద్ సిరాజ్ వచ్చి, ఆస్ట్రేలియా కెప్టెన్ కమిన్స్ వేసిన మూడు బంతులు కాచుకున్నాడు. తరవాత బోలండ్ వేసిన బంతిని నితీశ్ బౌండరీకి కొట్టాడు. మర్నాడు 114 దగ్గర అవుటయ్యాడు. ఆ టెస్టుకు అయిదు రోజుల్లో మొత్తం 3,73,691 మంది హాజరయ్యారు. ఆ మైదానంలో మరే టెస్టుకూ అంతమంది రాలేదు. భారత జట్టు 184 పరుగుల తేడాతో ఓడిపోయింది.

ఈ చివరి వాక్యం ముఖ్యమైనది. నేను చదివిన అభినందన రచనల్లో అది దాదాపు కనపడదు. ఓడిన ఆటలో పుట్టిన గర్వమిది. గెలుపు మీద పుట్టే గర్వానికి ఎదుటివాణ్ణి కిందికి తొక్కిన తృప్తి ఉంటుంది. ఇక్కడ ఆ తృప్తికి అవకాశమే లేదు. మనవాళ్ళ గుండెకు తగిలింది ఒక కుర్రవాడు కూలిపోతున్న చోట కాలు నిలదొక్కుకున్న తీరు. ఈ సంగతి గమనించని వ్యాఖ్యాత ప్రవాసి మనసును అర్థం చేసుకోలేడని నా అభిప్రాయం.

ఈ గర్వం గురించి మనలో రెండు ధోరణులున్నాయి. ఒకటి భజన ధోరణి. దాని దృష్టిలో దేశాభిమానం ఎక్కడ, ఎవరికి, ఎందుకు కలిగినా పవిత్రమే, ప్రశ్నించినవాడు ద్రోహి. రెండోది మన అభ్యుదయ శిబిరంలోనే తరచు వినపడే ఈసడింపు ధోరణి. క్రికెట్ పెట్టుబడిదారుల వ్యాపారమనీ, జెండా ఊపడం మత్తనీ, చదువుకున్నవాళ్ళు ఆ మత్తుకు లోబడకూడదనీ ఈ మిత్రులు అంటారు. వ్యాపారమన్న మాట నిజమే. కాని ఒక అనుభూతిని మత్తు అని పేరు పెట్టి పక్కకు నెట్టినంత మాత్రాన దాని పుట్టుక మనకు తెలిసిపోదు. మత్తు కావలసినంత నొప్పి ఎక్కడ ఉందో వెతకవలసిన బాధ్యత అలాగే మిగిలిపోతుంది. భజనపరుడు ఆ నొప్పిని చూడడు. ఈసడించేవాడు చూసీ గౌరవించడు. అందుచేత ఈ ఇద్దరి రాతల్లోనూ అసలు మనిషి కనపడడు.

ఆ మనిషి ఎవరు? విశాఖ, అనకాపల్లి ప్రాంతాల నుంచి చదువు పేరిట ఆస్ట్రేలియా వెళ్ళే కుర్రవాడి సంగతి తీసుకోండి. 2024 మే నుంచి అతను ఏడాది ఖర్చుల కింద 29,710 ఆస్ట్రేలియా డాలర్లు చూపించవలసి వచ్చింది. వీసా దరఖాస్తు రుసుము 2024 జులై 1న 710 డాలర్ల నుంచి 1,600 డాలర్లకు, మరుసటి జులైలో 2,000 డాలర్లకు పెరిగింది. చదువు సాగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలకు మించి అతను పని చేయకూడదు. ఇంటి దగ్గర బ్యాంకు వడ్డీ మాత్రం గంటలు లెక్కపెట్టకుండా పెరుగుతూనే ఉంటుంది. ఇంతకు ముందటి తరం అనుభవం మరొకటి ఉంది. 2009 మే నెలలో మెల్‌బోర్న్‌లో మన విద్యార్థులపై వరసగా దాడులు జరిగాయి; ఒక తెలుగు విద్యార్థి తీవ్రంగా గాయపడ్డాడు; ఆ నెలాఖరున వేలాది భారతీయ విద్యార్థులు ఆ నగర వీధుల్లో బైఠాయించారు.

నా దగ్గర లెక్కలు చదువుకున్న ఒక కుర్రవాడు ఇప్పుడు అదే నగరంలో రాత్రిపూట గిడ్డంగిలో పెట్టెలు మోసి పగలు కాలేజీకి పోతున్నాడు. సెంచరీ తరవాత నాతో మాట్లాడుతూ ఇలా అన్నాడు: "మాస్టారూ, ఇక్కడ మీదే ఊరని ఎవరైనా అడిగితే ఇండియా అంటే చాలండి, ఆపైన ఎవరికీ అక్కర్లేదు. మొన్న మా సూపర్‌వైజరు గాజువాక ఎక్కడుందని అడిగాడు. అట్టపెట్టె మీద పటం గీసి చూపించాను."

ఈ మాటల్లో భజనపరులు వెతికే జాతి గర్జన లేదు. పని చేసే చోట తనకు రెండు చేతులు తప్ప మరేమీ లేవన్నట్టు చూసినవాళ్ళు, తనకూ ఒక ఊరుందనీ ఆ ఊరికో పేరుందనీ ఒక్క పూట ఒప్పుకున్నారన్న తృప్తి మాత్రమే ఉంది. శ్రమను కొనుక్కుని మనిషిని వదిలేసే వ్యవస్థలో గుర్తింపు కోసం పడే ఆకలి ఇది. పనిలో దొరకని గౌరవం ఆటలో దొరికింది. దీన్ని ఎగతాళి చేసే హక్కు మనకు లేదు. అయితే ఈ ఆకలికి ఎవరు ఏ అన్నం పెడుతున్నారన్న ప్రశ్న మాత్రం తప్పక అడగాలి.

అందుకు కొంచెం వెనక్కి చూడాలి. తెలుగువాడు పరదేశంలో బతకడం నిన్నమొన్నటి విషయం కాదు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి 'రంగం' వెళ్ళిన కూలీలు రంగూన్ రేవులో బస్తాలు మోశారు. అక్కడివాళ్ళు వాళ్ళను 'కోరంగీలు' అన్నారు; ఒక రేవు పేరు మీద పుట్టిన ఆ మాట క్రమంగా తిట్టయింది. 1930 మే నెలలో కూలి పెంచాలని ఆ తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను దింపారు. సమ్మె తీరగానే పాతవాళ్ళను తీసుకుని కొత్తవాళ్ళను పొమ్మన్నారు. కొట్లాట మొదలై ఊరంతా పాకింది. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది భారతీయులు. ఆ కూలీలకు ఊపడానికి జెండా లేదు, చప్పట్లు కొట్టడానికి జట్టు లేదు. రెండు జాతుల పేదలు తమ తమ జాతుల పేరిట ఒకరి మీద ఒకరు పడితే లాభం ఎవరికి పోతుందో ఆ రేవు చెబుతుంది.

ఆ దశకంలోనే భారతదేశం పేరుతో పరదేశానికి వెళ్ళిన జట్టు ఉంది. 1936లో ఇంగ్లండు వెళ్ళిన ఆ జట్టుకు నాయకుడు విజయనగరం సంస్థానపు రాజకుమారుడు విజయానంద గజపతి, లోకానికి 'విజ్జీ'. ఆయన ఆటలో కంటె పలుకుబడిలో ఘనుడు. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశాడు. లాలా అమర్‌నాథ్‌ను పర్యటన మధ్యలో ఇంటికి పంపించాడు. ఆ పర్యటనలోనే బ్రిటిష్ ప్రభువుల దగ్గర 'సర్' బిరుదు పుచ్చుకున్నాడు. 1932లో లార్డ్స్‌లో భారత జట్టుకు తొలి టెస్టు కెప్టెన్‌గా నిలిచిన సి.కె. నాయుడు, నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంవాడు, ఈ రాజకుమారుడి కింద ఆడవలసి వచ్చింది. పరదేశపు మైదానంలో 'భారతదేశం' అంటే అప్పటికి రాజుల బిడ్డ. ఆ విజ్జీనే 1962లో విశాఖపట్నం ఓటర్లు లోక్‌సభకు పంపించారు. ఆయన 1965లో మరణించాడు. 1967లో అదే స్థానం నుంచి గెలిచినవాడు ఉక్కు ఉద్యమ నాయకుల్లో ముఖ్యుడైన తెన్నేటి విశ్వనాథం.

ఈ రెండు ఎన్నికల మధ్య జరిగిన చరిత్రే మన కథకు కీలకం. 1966 నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ఉక్కు కర్మాగారం ప్రకటన వచ్చింది. అరవైకి పైగా గ్రామాలవాళ్ళు భూములు వదిలి నిర్వాసితులయ్యారు. 1977లో హిందుస్థాన్ జింక్ కర్మాగారం పనిలోకి వచ్చింది. పంట పొలాల గాజువాక, షిఫ్టు సైరన్ల గాజువాక అయింది. నెల జీతం, ఆస్పత్రి, బడి, పిల్లలకు సాయంత్రం ఆడుకునే మైదానం - ఇవి ప్రభుత్వ రంగం వల్ల వచ్చిన చిన్న చిన్న సౌకర్యాలు. జమీందారు బిడ్డ స్థానంలో జింకు ఉద్యోగి బిడ్డ దేశం తరఫున ఆడగలగడం వెనక ఈ సౌకర్యాలున్నాయి. ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. రక్తం పోసి సాధించుకున్నవి.

ఇప్పుడు మన రచయితలు ఈ కథను ఎలా చెప్పారో చూద్దాం. నితీశ్ తండ్రి హిందుస్థాన్ జింక్‌లో పని చేసేవాడు. రాజస్థాన్‌లోని ఉదయపూర్‌కు బదిలీ అయితే కొడుకు ఆట ఆగిపోతుందని ఉద్యోగమే వదులుకున్నాడు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది వచ్చి తండ్రి కన్నీరు పెట్టుకోవడం చూసిన తరవాతే తాను ఆటను గట్టిగా పట్టుకున్నానని కొడుకు స్వయంగా చెప్పాడు. సెంచరీ నాడు ఆ తండ్రి మెల్‌బోర్న్ ప్రేక్షకుల మధ్య కన్నీళ్ళతో నిలబడి ఉన్నాడు. కథగా చెప్పాలంటే ఇంతకంటె కదిలించేది దొరకదు. అందరూ ఇదే చెప్పారు: తండ్రి త్యాగం, కొడుకు దీక్ష, చివరకు విజయం.

దీని నిర్మాణంలో ఒక లోపముంది. ఈ కథలో కుటుంబం ఉంది గాని సంఘం లేదు. ఒక కార్మికుడు ఉద్యోగమో కొడుకో తేల్చుకోవలసిన స్థితికి ఎందుకు వచ్చాడని ఏ రచయితా అడగలేదు. 2002లో కేంద్ర ప్రభుత్వం హిందుస్థాన్ జింక్‌లో 26 శాతం వాటాను, యాజమాన్యంతో సహా, 445 కోట్ల రూపాయలకు స్టెరిలైట్ కంపెనీకి అమ్మింది. 2012లో విశాఖ కర్మాగారం మూతపడింది. అందులో పని చేసినవాడికి ఆ కంపెనీలో మిగిలిన దారులు ఊరు దాటి పోయేవే. ఈ మూడు వాక్యాలు కథలో చేరిస్తే కథ స్వభావమే మారిపోతుంది. త్యాగం త్యాగంగానే ఉంటుంది, తండ్రి ఔన్నత్యం పిసరంత కూడా తగ్గదు. కాని ఆ త్యాగం కోరిన చెయ్యి ఎవరిదో కనపడుతుంది. కనపడకుండా ఉంచడమే ఇలాంటి కథల ప్రయోజనం. విధి, పట్టుదల, అదృష్టం అనే పాత్రలను ప్రవేశపెట్టి విధాన నిర్ణయాలను తెర వెనక ఉంచుతారు. ఒక్కడు గెలిచాడు కనుక గెలవనివాళ్ళకు పట్టుదల చాలలేదన్న నీతి దానంతటదే వచ్చి కూర్చుంటుంది. అదే కర్మాగారం నుంచి బయటికి వచ్చిన మిగతా తండ్రుల పిల్లలు ఏ కథలోనూ లేరు.

యాభై పరుగులు పూర్తయినప్పుడు ఆ కుర్రవాడు బ్యాటును గడ్డం కింద రాసి 'పుష్ప' సినిమా సైగ చేశాడు. ఆ సైగలోని పొగరును అందరూ మెచ్చుకున్నారు. ఆ సినిమా నాయకుడు అడవిలో ఎర్రచందనం నరికే కూలిగా మొదలై దొంగరవాణా నాయకుడవుతాడు. కూలి కూలిగా ఉన్నంత కాలం తల వంచక తప్పదు, తల ఎత్తాలంటే కూలీల మీద యజమాని కావాలి - ఆ పొగరులోని తత్వం ఇదే. మన కాలపు ప్రజా వినోదం శ్రామికుడికి ఇచ్చే ఏకైక విముక్తి మార్గం అది. కుర్రవాడి సరదాను నేను తప్పుపట్టడం లేదు. గాజువాక కార్మిక వాడలో పెరిగిన పిల్లవాడికి ఆత్మగౌరవం ప్రకటించడానికి అంతకంటె మంచి సైగ ఒకటి మన సాహిత్యం, మన కళలు అందించలేకపోయాయే అన్నదే నా బాధ.

ఆ పూట మైదానంలో నిజంగా గొప్ప ఘట్టం సెంచరీకి ముందటి మూడు బంతులని నేను అనుకుంటాను. వాటిని ఎదుర్కొన్న సిరాజ్ ఒక ఆటోడ్రైవరు కొడుకు. 2020 నవంబరులో అతను ఆస్ట్రేలియాలో ఉండగానే తండ్రి చనిపోయాడు. ఇంటికి రాకుండా జట్టుతో ఉండిపోయాడు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో జాతీయ గీతం వినిపిస్తుండగా కళ్ళు తుడుచుకున్నాడు. అదే టెస్టులో ప్రేక్షకుల నుంచి జాతి దూషణ వచ్చిందని ఫిర్యాదు చేశాడు; దూషణ జరిగిన మాట నిజమేనని ఆస్ట్రేలియా క్రికెట్ సంస్థ తరవాత ఒప్పుకుంది. దాదాపు నాలుగేళ్ళ తరవాత గాజువాక జింకు ఉద్యోగి కొడుకు కోసం హైదరాబాదు ఆటోడ్రైవరు కొడుకు మూడు బంతులు కాచాడు. లోకంలో ఏ మూల ఉన్న తెలుగువాడైనా ఆ నిమిషంలో సిరాజ్ మతమేమిటని అడిగి ఉండడు.

ఆ నిమిషం దాటిన తరవాత? 2021 అక్టోబరులో పాకిస్తాన్‌తో ఓడిపోగానే ఆనాటి జట్టులోని ఒకే ఒక ముస్లిం ఆటగాడైన మహమ్మద్ షమీని ద్రోహి అని తిట్టినవాళ్ళు దేశాభిమానం పేరు చెప్పే తిట్టారు. ఇంగ్లండులో 1990లో నార్మన్ టెబిట్ అనే కన్సర్వేటివ్ నాయకుడు వలస వచ్చినవాళ్ళు ఏ దేశపు క్రికెట్ జట్టుకు చప్పట్లు కొడతారో చూసి వాళ్ళ విధేయత తేల్చాలన్నాడు. అప్పుడు మనకు కోపం వచ్చింది. అది న్యాయమైన కోపం. ఆ పరీక్షను పరదేశంలో అన్యాయమని, స్వదేశంలో మైనారిటీల మీద న్యాయమని అనేవాడి గర్వంలో ఆత్మగౌరవం లేదు. మెల్‌బోర్న్‌లో మైనారిటీగా బతికే తెలుగువాడికి ఈ సంగతి గాజువాకలో ఉన్న నాకంటె బాగా తెలియాలి. తెలుస్తున్నదా అన్నది నా అనుమానం.

ఇక దేశం పేరిట సాగే వ్యాపారం సంగతి. మన ఉక్కు కొలిమికి కావలసిన కోకింగ్ బొగ్గులో చాలా భాగం ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వస్తుంది. అటునుంచి బొగ్గు, ఇటునుంచి కుర్రవాళ్ళు. గాజువాక పక్కనే ఉన్న గంగవరం రేవులో రాష్ట్ర ప్రభుత్వం తనకున్న 10.4 శాతం వాటాను 2021లో అదానీ సంస్థకు అమ్మింది. అదే సంస్థ ఆస్ట్రేలియాలో కార్మైకేల్ బొగ్గు గని తవ్వింది; అక్కడి ఆదివాసీల్లో చాలామంది, పర్యావరణవాదులు దాన్ని ఎదిరించారు. 2020 నవంబరు 27న సిడ్నీలో భారత్, ఆస్ట్రేలియా జట్ల మ్యాచ్ జరుగుతుండగా ఇద్దరు నిరసనకారులు మైదానంలోకి చొరబడ్డారు. ఆ గనికి మన స్టేట్ బ్యాంకు అప్పు ఇవ్వరాదని అట్టమీద రాసి చూపించారు. ఆ డబ్బు మన జనం దాచుకున్న డబ్బు. ఆ రోజు ఆ మైదానంలో మన ప్రయోజనం మాట్లాడినవాళ్ళు ఆస్ట్రేలియావాళ్ళు! పరాయివాడు ఎవరు, మనవాడు ఎవరు అన్న ప్రశ్నకు జెండా ఒక్కటే జవాబు చెప్పలేదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

గర్వం కూడా సరుకయినప్పుడు దానికి గిరాకీని బట్టే విలువ ఉంటుంది. 2000 సెప్టెంబరు 19న అదే ఆస్ట్రేలియాలో, సిడ్నీ ఒలింపిక్స్‌లో, శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ప్రవాసాంధ్రుల గేయాల్లో ఆమెకు దొరికిన చోటు ఎంత? బరువులెత్తే ఆటకు మధ్య మధ్య ప్రకటనలు అమ్ముకునే వీలు లేదు. క్రికెట్ ఆటగాణ్ణి మాత్రం ఏటా వేలంలో కొంటారు. నితీశ్‌ను 20 లక్షలకు కొన్న యాజమాన్యమే తరవాత ఆరు కోట్లకు అట్టేపెట్టుకుంది. మనం గర్వపడేది మన మనసు చెప్పినందుకా, టెలివిజన్ చెప్పినందుకా అన్నది ప్రతివాడూ తన్ను తాను అడిగి చూసుకోవాలి.

ఇదంతా చెప్పి ఆ గర్వాన్ని వదులుకోమని నేను అనడం లేదు. గురజాడ 'దేశభక్తి' గేయంలో దేశాన్ని మట్టి నుంచి మనుషుల దగ్గరికి తెచ్చాడు. ఆ దారి మనకు ఉండనే ఉంది. మెల్‌బోర్న్‌లో చప్పట్లు కొట్టిన చేతులు నిజంగా ఆ కుర్రవాడి ఊరిని ప్రేమించి ఉంటే ఆ ఊళ్ళో ఏం జరుగుతున్నదో కూడా వాళ్ళకు పట్టాలి. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం విశాఖ ఉక్కును నూటికి నూరుపాళ్ళు అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కూర్మన్నపాలెంలో కార్మికులు ఏళ్ళ తరబడి దీక్షలు చేశారు. 2025 జనవరిలో 11,440 కోట్ల సహాయం ప్రకటించారు. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికులు తమవాళ్ళను తొలగిస్తున్నారని సమ్మెకు దిగారు. ఆ దీక్షా శిబిరం గురించి ఒక్క గేయమైనా రాసిన ప్రవాస కవి నాకు ఇంతవరకు తారసపడలేదు. సెంచరీ మీద రాసినవాళ్ళు పదుల సంఖ్యలో ఉన్నారు.

మన రచయితలు చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. పరదేశంలో ఉన్న మిత్రులు గిడ్డంగి రాత్రుల గురించి, వీసా భయం గురించి, పక్క పెట్టె మోసే వియత్నాం కుర్రవాడి గురించి, నేపాలీ అమ్మాయి గురించి రాయాలి. వాళ్ళు ఎవరి జట్టుకు చప్పట్లు కొడతారో, ఎందుకు కొడతారో కూడా రాయాలి. ఇక్కడున్నవాళ్ళు మూతపడిన కర్మాగారం గోడ పక్కన ఇప్పటికీ బంతి విసురుతున్న పిల్లల గురించి రాయాలి. వాళ్ళలో నితీశ్ కాబోయేవాడు ఒకడుంటే ఉంటాడు. కానివాళ్ళు వందమంది ఉంటారు. ఆ వందమందికి జీతమున్న పని, సాయంత్రం ఆడుకునే స్థలం, కడుపు కోసం సముద్రం దాటనక్కరలేని బతుకు దొరకడం గురించి మాట్లాడే దేశాభిమానం కావాలి. అలాంటి దేశాభిమానం ఉన్నవాడు మెల్‌బోర్న్‌లో మరొక తెలుగు కుర్రవాడు సెంచరీ కొట్టినప్పుడు గొంతు చించుకుని అరవవచ్చు. నేనూ అరుస్తాను.